తొంభై నాలుగు జీబీల కొలతలు

మార్చి 3

చెల్లికి అక్క రాస్తున్నది.

ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నామని రాయడానికి చెయ్యి రాలేదు, అందుకని ఉన్నామని రాశాను.

ఫోను రాకుండా కవరు వచ్చిందంటే సంగతేమిటో చింపకముందే నీకు అర్థమై ఉంటుంది. అమ్మ పోయినా అమ్మ పెట్టిన రూలు పోలేదు. మనిద్దరికీ పడనప్పుడల్లా కాగితం మీదే కొట్లాడుకోమనేది. నోటితో అన్న మాట వెనక్కి రాదు, రాసే మాటైతే స్టాంపు అంటించేలోపు సగం కోపం చల్లారుతుందనేది. గొడవ తేలేదాకా ఒకరి ఫోను ఒకరు ఎత్తకూడదు. నేను ముందే స్టాంపు అంటించుకుని రాయడానికి కూర్చున్నాను, కోపం చల్లారడం నాకిష్టం లేక.

మొన్న ఆదివారం నువ్వు వచ్చావు. అన్నం తిన్నావు. నేను గిన్నెలు కడుగుతుంటే షాపు గదిలోకి వెళ్లి అరగంట కంప్యూటర్ ముందు కూర్చున్నావు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయావు. సోమవారం పొద్దున గడియారాలు బాగుచేసే గూని ఆయన కోటు కుట్టించుకోవడానికి వచ్చాడు. అమ్మ కొలతలు వేసి గీసిన ఆయన కటింగ్ కాగితం తీద్దామని ఫోల్డర్ తెరిస్తే ఏముంది? పేర్లన్నీ ఉన్నాయి, ఆరువందల పన్నెండూ. కానీ ఇదివరకు ప్రతి పేరు పక్కన పచ్చటి టిక్కు ఉండేది, ఇప్పుడు మబ్బు బొమ్మ ఉంది. నొక్కితే తెరుచుకోదు. ఫోల్డర్ బరువు చూశాను, నువ్వే నేర్పావుగా ఎలా చూడాలో. ఇదివరకు తొంభై నాలుగు జీబీ. ఇప్పుడు ఒకటి కూడా లేదు. ఆ తొంభై నాలుగూ ఎటు పోయాయి? గూని ఆయన్ని రేపు రమ్మని పంపాను. నలభై ఏళ్లలో ఈ షాపులో ఎవర్నీ అలా పంపలేదు.

అవి ఏమిటో నీకు చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను. కొన్న చొక్కా పట్టని ఒళ్లన్నీ అవి. ఒక భుజం దిగినవాళ్లు, చెయ్యి పోయినవాళ్లు, వెన్ను వంగినవాళ్లు. ఆ కొలతలు అమ్మ తీసింది కాబట్టే ఈ షాపుకి వస్తారు, నా మొహం చూసి కాదు. పాటల టీచరమ్మ ఒళ్లు కాలాక పంతొమ్మిదేళ్ల కిందట తలుపేసుకుని అమ్మకి ఒక్కసారి కొలతలిచ్చింది. ఆ తర్వాత టేపు పట్టుకుని ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆవిడ లావైనా సన్నబడ్డా ఆ ఒక్క కాగితం పెట్టుకునే సర్దుతున్నాను.

కప్పు కారి కాగితాలకి బూజు పట్టినప్పుడు, స్కాన్ చేశానక్కా, ఇక భయం లేదు, పారెయ్యమన్నది నువ్వు. పారేశాను. ఆరు నెలల కిందట రెడీమేడ్ కంపెనీ మనిషి వచ్చి ఆ కొలతలన్నీ ఇమ్మంటే, ఏమంటాడో ఒకసారి విందామన్నదీ నువ్వే. నేనేమీ అనడం లేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మాత్రం పెద్దలన్నారు.

జవాబు కాగితం మీదే రాయి.

అక్క

మార్చి 8

అక్కకి,

నీ ఉత్తరం మధ్యాహ్నం క్యాంటీన్లో చదివాను. చదివి నవ్వాను, చివరి మూడు లైన్లదాకా. తర్వాత నవ్వు రాలేదు.

విను. నీ కంప్యూటర్ కడుపు నూట ఇరవై ఎనిమిది జీబీ. అందులో అమ్మ కాగితాలే తొంభై నాలుగు. మిగతాదంతా కలిపి నిండిపోయి ఎంబ్రాయిడరీ ప్రోగ్రాం ఆగిపోతోందని నెల రోజులుగా నా చెవి కొరికింది ఎవరు? ఆ ఫైళ్లు దాచే ప్రోగ్రాం ప్రతిదాన్నీ రెండు చోట్ల ఉంచుతుంది. ఒకటి వాళ్ల పెద్ద కంప్యూటర్లలో, ఒకటి నీ దాంట్లో. నేను నీ దాంట్లోది తీసేసి పేర్లు మాత్రం ఉంచాను. మబ్బు బొమ్మ అంటే అర్థం అదే. పేరు మీద రెండుసార్లు నొక్కితే పైనుంచి దిగుతుంది. నెట్ ఉండాలి. సోమవారం మీ వీధిలో నెట్ పోయి ఉంటుంది, కనుక్కో. మా ఆసుపత్రి రికార్డు రూములో వేల ఫైళ్లకి ఇలాగే చేశాను, ఒక్క రోగీ తప్పిపోలేదు.

చెప్పలేదంటావు. బస్సుకి బయల్దేరుతూ చెప్పాను. నువ్వు మిషను మీద ఉన్నావు, తల ఊపావు. నువ్వు మిషను మీద ఉన్నప్పుడు ఇల్లు తగలబడుతోందన్నా తలే ఊపుతావు.

కంపెనీ మనిషి సంగతి. విందామన్నాను, అమ్మేద్దామనలేదు. నువ్వు ఒక్కదానివే అంతమంది ఒళ్లు మొయ్యలేవు, ఎవరైనా తోడొస్తే మంచిదేగా అనుకున్నాను. నువ్వు వద్దన్నావు, అక్కడితో వదిలేశాను. ఆ తర్వాత ఆ మనిషి నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు, కుదరదని చెప్పాను. నీకు చెప్పలేదు, ఎందుకంటే ఇలాగే అంటావని తెలుసు.

ఊరికే బెంగపెట్టుకోకు. నా కంప్యూటర్లో విడిగా మొత్తం కాపీ ఉంది, స్కాన్ చేసినప్పటిది. తొంభై నాలుగుకి తొంభై నాలుగూ. నీ దగ్గర పేర్లున్నాయి, నా దగ్గర అసలున్నాయి, పైన కూడా ఉన్నాయి. ఇంకేం కావాలి నీకు?

మోకాలి నొప్పి ఎలా ఉంది? పిల్లదానికి పరీక్షలని బావ చెప్పాడు, రాసిందా?

నీ చెల్లి

మార్చి 13

చెల్లికి,

పిల్లది రాసింది. మోకాలు అలాగే ఉంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కంపెనీ మనిషి గురించి నేను ఒక్క ముక్క రాస్తే నువ్వు పేరా రాశావు. రెండుసార్లు ఫోన్ చేశాడా? నాకు తెలియకుండా? నేను తవ్వలేదు, నువ్వే బయటపెట్టుకున్నావు.

ఇక అసలు సంగతి నీ అక్షరాల్లోనే ఉంది, నీ కాగితం ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. నీ దగ్గర పేర్లున్నాయి, నా దగ్గర అసలున్నాయి. చాలా? పొట్టు నాకు, గింజ నీకు. ఇంతకన్నా సూటిగా ఏ దొంగా ఒప్పుకోడు.

పైన ఉన్నాయంటావు. పైన ఎక్కడ? ఎవరి ఇంట్లో? గాల్లో దీపం పెట్టి నమ్ముకోమంటావు. పేరు మీద రెండుసార్లు నొక్కితే గూని ఆయనది వచ్చిన మాట నిజమే, మంగళవారం వచ్చింది. అది నువ్వు అక్కడినుంచి వదిలితే వచ్చిందని నాకర్థమైంది. రేపు వదలకపోతే? ఇన్నేళ్లూ నా గదిలో ఉన్నది తీసుకోవడానికి నిన్ను అడుక్కోవాలా?

ఎదురుగా ఫోన్లు బాగుచేసే అతన్ని పిలిపించాను. ఖాతా నా పేరు మీదే ఉందన్నాడు, అంతవరకు సంతోషం. ఎవరెవరు తెరవొచ్చో లిస్టులో నీ పేరు కూడా ఉంటే తీయించేశాను. పాస్‌వర్డ్ మార్పించాను. కొత్తది ఎవరికీ చెప్పను, మీ బావకి కూడా.

నీ మనసులో ఏమీ లేకపోతే ఒక పని చెయ్యి. నీ దగ్గరున్నదంతా ఒక హార్డ్ డిస్క్ డబ్బాలో పెట్టి రిజిస్టర్ పోస్టులో పంపు. నీ దాంట్లోంచి పూర్తిగా తుడిచెయ్యి. తుడిచానని అమ్మ మీద ఒట్టు పెట్టి రాయి. అప్పుడు ఫోన్ ఎత్తుతాను.

అక్క

మార్చి 18

అక్కకి,

డబ్బా పంపను. పోలీసుస్టేషన్లో దొంగసొత్తు అప్పగించినట్టు కట్ట కట్టి పంపడానికి నేనేమీ తియ్యలేదు. మూడు నెలలపాటు ప్రతి శని, ఆదివారాలు బస్సులో వచ్చి, బూజు వాసనలో ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఒక్కో కాగితం ఇస్త్రీ చేసి స్కాన్ చేసినదాన్ని. ఆ దగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. ఆ రోజుల్లో నన్నెవరూ దొంగ అనలేదు, టీ ఇచ్చారు.

తుడవమన్నావుగా. తుడిచాను. నిన్న ఆఫీసు నుంచి రాగానే, చెప్పులు కూడా విప్పకుండా తుడిచాను. డిలీట్ చేసినవి చెత్తబుట్టలో ఉంటాయి కాబట్టి, మళ్లీ తీసుకుందని నువ్వంటావు కాబట్టి, బుట్ట కూడా ఖాళీ చేశాను. అమ్మ మీద ఒట్టు. నా మీద ఒట్టు. నా దగ్గర ఒక్కటంటే ఒక్క కాగితం లేదు. మా రికార్డు రూములో ఎవరైనా ఇలాంటి పని చేస్తే నేనే నిలబెట్టి తిడతాను.

ఇప్పుడు ఆ ఆరువందల పన్నెండూ నీ ఖాతాలోనే ఉన్నాయి, నీ పాస్‌వర్డ్ కింద. తృప్తిగా ఉందా?

ఇక దీని మీద నేను రాయను.

చెల్లి

మార్చి 23

చెల్లికి,

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం అనుకున్నావా నన్ను? అమ్మ నలభై ఏళ్ల పని చెప్పులు విప్పకుండా తుడిచేశావట. నమ్మమంటావు. అమ్మ మీద ఒట్టు పెట్టి మరీ. ఏ కూతురైనా చేస్తుందా? చెయ్యదు. అంటే చెయ్యలేదు. అంటే ఎక్కడో దాచావు, దాచి ఒట్టు పెట్టావు. ఎక్కడికి పంపావో నీకూ ఆ కంపెనీ మనిషికీ తెలియాలి.

నా సంగతి విను. నిన్న ఎంబ్రాయిడరీ ప్రోగ్రాం మళ్లీ ఆగింది. ఈసారి ఎందుకో తెలియదు. అసలే చిరాగ్గా ఉన్నాను. ఫోల్డర్ తెరిస్తే ఆ మబ్బు బొమ్మలు, వరసగా ఆరువందల పన్నెండు, నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉన్నాయి. గింజ పోయాక ఈ పొట్టు నాకెందుకు? మొత్తం పట్టుకుని డిలీట్ నొక్కాను. ఏదో పెద్ద నోటీసు వచ్చింది, నాలుగు లైన్లది. ఆ ప్రోగ్రాం నువ్వు పెట్టిందేగా, అదీ నీ పక్షానే మాట్లాడుతుంది. చదవకుండా అవునన్నాను. ఇప్పుడు ఫోల్డర్ శుభ్రంగా ఉంది. నా కళ్లూ చల్లగా ఉన్నాయి.

నువ్వు అసలు డబ్బా పట్టుకుని వచ్చేదాకా ఈ గడప తొక్కొద్దు. ఊరికే వస్తే తలుపు తియ్యను.

అక్క

మార్చి 28

అక్కా,

ఈ ఉత్తరం మొత్తం చదువు. నీకు దణ్ణం పెడతాను, మొత్తం చదువు.

నువ్వు డిలీట్ చేసింది పొట్టు కాదు. మబ్బు బొమ్మ ఉన్న పేరు చెరిపితే పైన ఉన్న అసలు ఫైలు కూడా చెరుగుతుంది. ఆ నోటీసులో రాసి ఉండేది అదే. నా దగ్గర కాపీ లేదక్కా. నేను రాసింది నిజం. తుడిచాను.

ఇంకా సమయం ఉంది. చెరిపినవి ముప్పై రోజులు ఆ ప్రోగ్రాం చెత్తబుట్టలో ఉంటాయి. నువ్వు 22న చెరిపావు, ఏప్రిల్ 21 దాకా ఉంటాయి. ఇది నీకు చేరేసరికి రెండో తారీఖు అవుతుంది, అప్పటికీ పంతొమ్మిది రోజులుంటాయి. కంప్యూటర్ ఆన్ చెయ్యి. ఆ ప్రోగ్రాం వెబ్‌సైటు తెరిచి నీ పాస్‌వర్డ్ కొట్టు. ఎడమవైపు కింద బుట్ట బొమ్మ ఉంటుంది, నొక్కు. అన్నీ ఎంచుకుని, తిరిగి పెట్టు అనేది నొక్కు. అంతే. అయిదు నిమిషాల పని. నేను ఇక్కడినుంచి చెయ్యలేను, నన్ను లిస్టులోంచి తీసేశావు, పాస్‌వర్డ్ నీకొక్కదానికే తెలుసు.

పదకొండుసార్లు ఫోన్ చేశాను, కట్ చేశావు. మెసేజ్ పెడితే తెరవనే లేదు. బావ ఫోను కూడా నువ్వే ఎత్తి పెట్టేశావు. రూలు తప్పానని తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టుకో, కానీ బుట్ట తెరువు. రికార్డులన్నీ కొత్త భవనంలోకి మారుస్తున్నారు, సెలవడిగితే మా పెద్దాయన ఎవరికి ఒంట్లో బాలేదని అడిగాడు. ఎవరికని చెప్పను? ఆరువందల పన్నెండు మందికని చెబితే నవ్వుతాడు. అయినా వస్తే మాత్రం తలుపు తీస్తావా?

నన్ను దొంగనుకో. ఫరవాలేదు. దొంగనుకుంటూనే బుట్ట తెరువు.

నీ చెల్లి

ఏప్రిల్ 9

అక్కా,

జవాబు లేదు. చేసేసి అలిగి కూర్చున్నావనుకుంటున్నాను, నీకది అలవాటే. అలా అయితే ఒక ఖాళీ కాగితం మడిచి పంపు, నాకర్థమవుతుంది. మీ షాపు ముందు తీసిన ఫోటోలో ఫోన్లు బాగుచేసే అతని బోర్డు కనిపిస్తే నంబరు పట్టుకుని అతనితో కూడా కబురు పంపాను. మా అక్కని బుట్ట చూడమని చెప్పు బాబూ అన్నాను.

పన్నెండు రోజులే ఉన్నాయి.

చెల్లి

ఏప్రిల్ 27

చెల్లీ,

నీ రెండు ఉత్తరాలూ నిన్ననే చింపాను.

వచ్చిన రోజే వచ్చాయి. కవరు మీద ఎర్ర పెన్నుతో అర్జెంటని రాశావు. తొందరపెట్టేవాడే మోసం చేస్తాడని నా నమ్మకం. ఒట్టు పెట్టినదానివి మళ్లీ ఏం కథ అల్లావో అనుకుని చింపకుండా దారపు కండెల డ్రాయర్లో పడేశాను. కాగితం మీద కొట్లాడుకోమంది అమ్మ, వచ్చిన కాగితం చదవొద్దనలేదు. రూలు తప్పింది నేనే. ఫోన్ల అతను వచ్చి, మీ చెల్లెలు ఏదో బుట్ట చూడమందండీ అన్నాడు. నీ మాయలో అతన్ని కూడా పడేశావనుకుని, నీ పని నువ్వు చూసుకో నాయనా అని పంపించేశాను. పాపం, పాస్‌వర్డ్ మార్చినందుకు టీ కూడా తాగని మనిషి.

ఈ నెలంతా పెళ్లిళ్ల ఎంబ్రాయిడరీ పనే, అమ్మ కాగితం అవసరం పడలేదు. నిన్న పాటల టీచరమ్మ వచ్చింది. వచ్చే వారం స్కూల్లో ఆఖరి రోజట, రిటైరవుతోంది. కొత్త గౌను కుట్టమంది, మెడ దాకా, చేతులు మణికట్టు దాకా, ఎప్పటిలాగే. గుడ్డ ఇచ్చి, కొలత ఉందిగా అంది. ఉందన్నాను. ఆవిడ వెళ్లగానే నీ ఉత్తరాలు గుర్తొచ్చాయి. నీ దగ్గరుందని నాకంత నమ్మకం, నిన్ను బతిమాలైనా తెప్పించాలనుకుని, ముందు నువ్వేం రాశావో చూద్దామని డ్రాయర్ తీశాను.

నువ్వు రాసినట్టే చేశాను. ఎడమవైపు కింద బుట్ట బొమ్మ. నొక్కాను. ఏమీ లేదు. ముప్పై రోజులు దాటినవి పూర్తిగా తీసివేయబడతాయని ఒక్క లైనుంది. ఆ లైను మాత్రం శుభ్రంగా చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. అయిదు రోజులు ముందు డ్రాయర్ తీసి ఉంటే చాలు.

అమ్మ పోయిన రోజు కూడా ఇంత ఏడవలేదు నేను. ఆ రోజు పనులున్నాయి.

ఇప్పుడు నేనడిగేది జాగ్రత్తగా విను. నెలన్నరగా నిన్ను దొంగన్నాను. నువ్వు నిజంగా దొంగవైతే బాగుండునే. నాకు తెలియకుండా ఎక్కడో ఒక కాపీ దాచుకునే ఉంటావు. ఉంటావు కదా? ఆ కంపెనీ మనిషికి ఇచ్చినా ఫరవాలేదు, అతని నంబరు చెప్పు, వెళ్లి కాళ్లు పట్టుకుంటాను. అమ్మ మీద పెట్టిన ఒట్టు అబద్ధమైతే ఆ పాపం నేను మోస్తాను. మొత్తం లేకపోతే సగం. సగం లేకపోతే టీచరమ్మది ఒక్కటి. తీశానక్కా అని ఒక్క ముక్క రాయి. ఎందుకు తీశావని అడగను. జన్మలో అడగను.

లేదా ఫోన్ చెయ్యి. ఎత్తుతాను. పక్కనే పెట్టుకున్నాను.

అక్క

మే 5

అక్కా,

ఫోన్ చేద్దామని నాలుగుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఈ మాట నోటితో చెప్పలేను.

నీ ఉత్తరం అందిన రోజే నా కంప్యూటర్ మా ఆసుపత్రి కంప్యూటర్ల వాళ్లకిచ్చాను. ఇద్దరు మనుషులు రెండు రోజులు కూర్చున్నారు. ఈ రకం డిస్కులో తుడిచింది తుడిచినట్టే పోతుందన్నారు. ఆ ప్రోగ్రాం కంపెనీకి కూడా రాశాను, ముప్పై రోజులు దాటితే తమ దగ్గరా ఉండదని జవాబిచ్చారు. పాత ఫోను తీసి చూశాను. ఆఫీసు పెన్‌డ్రైవులన్నీ చూశాను. స్కాన్ చేసే రోజుల్లో బస్సులో తీసిన ఫోటోలున్నాయి, కిటికీలు, టికెట్లు, నిద్రపోతున్న నువ్వు. కాగితాలు లేవు. కంపెనీ మనిషి దగ్గర లేవు, అతనికి నేను ఒక్క గీత కూడా చూపించలేదు.

ఆ రోజు బుట్ట ఖాళీ చేస్తున్నప్పుడు నన్ను కూడా అడిగింది, ఇవి ఇక తిరిగి రావు, సరేనా అని. నువ్వు చదవకుండా అవునన్నావు. నేను చదివి అవునన్నాను. ఒక్క కాపీ ఉందంటే కాపీ లేనట్టేనని రోజుకి పదిమందికి చెప్పే మనిషిని. నీ నోరు మూయించాలని చేశాను. నా నిజాయితీ నీ మొహాన కొట్టాలని చేశాను. తప్పంతా నీ నెత్తినే వేసుకోకు, అందులో నా చెయ్యి కూడా ఉంది.

శుక్రవారం బస్సుకి వస్తున్నాను, సెలవిచ్చినా ఇవ్వకపోయినా. తలుపు తీసి ఉంచు. షాపు బిల్లుల పుస్తకం చూసి అందరి పేర్లూ రాయి, ఒక్కొక్కరినీ పిలుద్దాం. నువ్వు కొలువు, నేను రాస్తాను. టీచరమ్మకి నేను రాకముందే నిజం చెప్పు. ఒప్పుకుంటుందో లేదో, ఎవరి ముందు ఒప్పుకుంటుందో ఆవిడ ఇష్టం. ఒప్పుకోకపోతే మనం అడగకూడదు.

నువ్వడిగిన ఒక్క ముక్క రాద్దామని మూడు కాగితాలు చింపాను. అబద్ధమైనా రాసేద్దామనిపించింది, నీకు ఆ నాలుగు రోజులైనా నిద్ర పడుతుందని. చేతకాలేదు.

నేను తియ్యలేదక్కా. నన్ను క్షమించు.

నీ చెల్లి